చెత్త మెయిలు ఓ పక్కకి, డాట్‌ఫైళ్ళు ఓ చోటికి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే పని గురించి అడిగాయి. సొంత యూనిక్స్ ఖాతాలో మెయిలు దానంతటదే వడపోత పడాలి, ఆ వడపోత నడిపే సెట్టింగుల ఫైళ్ళు (పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి డాట్‌ఫైళ్ళు అంటారు) అన్ని మెషీన్లలోనూ ఒకేలా ఉండాలి. అందుకని ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. కమాండ్లు, ఫైళ్ళ పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం, మెషీన్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి. ఆప్షన్లలో పెద్దక్షరమో చిన్నక్షరమో తేడా వచ్చే చోట విడిగా చెప్పాం.

ప్రశ్న: నా మెయిలు ఒక ఐమ్యాప్ (మెయిలును సర్వర్లోనే ఉంచి చదివే పద్ధతి) సర్వర్లో ఉంటుంది. లినక్స్ మెషీన్‌కి దించుకుని మట్ అనే మెయిలు ప్రోగ్రాములో చదువుతాను. సర్వరు వాళ్ళ స్పామ్ ఫిల్టరుతో విసిగిపోయి సొంతంగా పెట్టుకుందామనుకుంటున్నాను. పాత పుస్తకాల్లో దించడానికి ఫెచ్‌మెయిల్, ఫోల్డర్లలో వేయడానికి ప్రాక్‌మెయిల్ అని ఉంది. ఇప్పటికీ అవేనా?

జవాబు: ఇందులో మూడు పనులున్నాయి: మెయిలు దించడం, మంచిదో చెత్తో తేల్చడం, తగిన ఫోల్డర్లో వేయడం. మూడూ వేరువేరు ప్రోగ్రాముల పనులని ముందే అనుకుంటే తర్వాత ఏది చెడిందో వెతకడం తేలిక.

దించడానికి రెండు దారులు. ఫెచ్‌మెయిల్, గెట్‌మెయిల్ ఒక్కో ఉత్తరాన్నీ తెచ్చి, ఫోల్డర్లలో వేసే ప్రోగ్రాము చేతికిస్తాయి. ఆ చేతులు మారే చోటే వడపోత కూర్చుంటుంది. ఎంబీసింక్, ఆఫ్‌లైన్‌ఐమ్యాప్ అలా కాదు. సర్వర్లోని ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టు మీ డిస్కు మీద నిలబెట్టి, ఇటు మార్పు అటూ అటు మార్పు ఇటూ చేరవేస్తాయి. అదే మెయిలు ఫోన్లోనూ చూసేవాళ్ళకి ఈ రెండోదే నయం, ఎందుకంటే ఇక్కడ చెత్తలోకి తోసింది అక్కడా చెత్తలోనే కనిపిస్తుంది. కాకపోతే ఇందులో వడపోత ఉత్తరం దిగాక జరుగుతుంది. స్క్రిప్టు ఇన్‌బాక్స్‌లోని ఫైళ్ళను ఒక్కొక్కటే పరీక్షించి జరపాలి.

ఆ జరపడంలోనే ఒక చిక్కుంది. ఎంబీసింక్ తన గుర్తు కోసం ఫైలు పేరులో కామా, పెద్ద యూ, సమానం గుర్తు, ఆపైన ఒక సంఖ్య తగిలిస్తుంది. స్క్రిప్టు ఆ ఫైలును అదే పేరుతో ఇంకో ఫోల్డర్లోకి జరిపితే, అక్కడ అదే సంఖ్య ఉన్న ఉత్తరం ముందే ఉన్న రోజున 'డూప్లికేట్ యూఐడీ' అంటూ సింకు ఆగిపోతుంది. జరిపేటప్పుడు ఆ ముక్క కత్తిరించి పేరు మార్చండి, కొత్త సంఖ్య అదే ఇచ్చుకుంటుంది.

ఫెచ్‌మెయిల్ వాడితే ఇంకో జాగ్రత్త. విడిగా చెప్పకపోతే, ఉత్తరం ఇక్కడ చేరిందని తెలియగానే సర్వర్లోది తుడిచేస్తుంది. మొదటి రెండు వారాలు ~/.ఫెచ్‌మెయిల్‌ఆర్‌సీలో 'కీప్' అనే మాట తప్పకుండా ఉంచండి.

ఇక ప్రాక్‌మెయిల్. 2001లో 3.22 వెర్షన్ వచ్చాక ఇరవై ఏళ్ళ పాటు కొత్త విడుదల లేదు. ఈలోగా దానితో పాటే వచ్చే ఫార్‌మెయిల్‌లో 2014లోనూ 2017లోనూ భద్రతా లోపాలు బయటపడ్డాయి. 2022లో 3.24 వచ్చింది. ఇప్పటికే ప్రాక్‌మెయిల్ రెసిపీలు (దాని రూల్స్) నడుస్తున్నవాళ్ళు వాటిని పారేయక్కర్లేదు, వెర్షన్ మాత్రం చూసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మెయిల్‌డ్రాప్ గానీ, డోవ్‌కాట్ అనే ఐమ్యాప్ సర్వరుతో కలిసి నడిచే సీవ్ గానీ మేలు. సీవ్ ప్రామాణిక భాషలో లూపులు లేవు, బయటి ప్రోగ్రాములను నడిపే వీలూ లేదు. కావాలనే అలా రూపొందించారు, రూలు తప్పు రాసినా సర్వరు కూలకూడదని. మీ సర్వరు సీవ్‌ను అనుమతిస్తే మెయిలింగ్ లిస్టులను లిస్ట్-ఐడీ హెడరును (ఉత్తరం పైభాగంలో ఉండే సమాచార వరుసను) బట్టి విడదీయడం లాంటి మోటు పనులు అక్కడే చేయించి, పదాలు చూసి తేల్చే పని ఇంటి మెషీన్‌కి వదలండి.

నిల్వకి మెయిల్‌డిర్ పద్ధతే ఎంచుకోండి. ఉత్తరానికో ఫైలు, ముందు టీఎంపీలో రాసి, పూర్తయ్యాక న్యూలోకి, చూశాక కర్‌లోకి మారుతుంది. ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయకుండా వేసే తాళాల గొడవ లేదు. ఉత్తరాలన్నీ ఒకే ఫైల్లో ఉండే ఎంబాక్స్ పద్ధతిలో రెండు ప్రోగ్రాములు ఒకేసారి రాస్తే రెండు ఉత్తరాలు కలగాపులగం అవుతాయి.

ప్రశ్న: ప్రాక్‌మెయిల్‌లో స్పామ్‌ని పసిగట్టే బోగోఫిల్టర్‌ని తగిలించాను. స్పామ్‌కి ఎక్స్-బోగోసిటీ హెడరు పడుతోంది, మంచి ఉత్తరాలకి మాత్రం పడటం లేదు. పైగా డిస్కు నిండిన రోజున వచ్చిన కొన్ని ఉత్తరాల ఆచూకీ లేదు.

జవాబు: రెండింటికీ మూలం ఒకటే, ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే అంకె.

యూనిక్స్‌లో సున్నా అంటే పని సవ్యంగా ముగిసినట్టు, ఇంకేదైనా అంటే చెడినట్టు. బోగోఫిల్టర్ ఆ అంకెను తీర్పు చెప్పడానికి వాడుకుంటుంది: 0 అయితే స్పామ్, 1 అయితే మంచిది, 2 అయితే తేల్చుకోలేకపోయింది, 3 అయితే నిజంగానే లోపం. మీ రెసిపీ మొదటి వరుసలో కోలన్, సున్నా, ఎఫ్, డబ్ల్యూ ఉన్నాయనుకుంటాం. ఎఫ్ అంటే ఉత్తరాన్ని వడకట్టి వెనక్కి తీసుకోమని, డబ్ల్యూ అంటే ఆ ప్రోగ్రాము ముగిసేదాకా ఆగి దాని ఎగ్జిట్ కోడ్ చూడమని. మంచి ఉత్తరానికి 1 రాగానే ప్రాక్‌మెయిల్ 'ఫిల్టరు విఫలమైంది' అనుకుని, హెడరు పడిన ప్రతిని పారేసి పాత ప్రతితోనే ముందుకెళ్తుంది. బోగోఫిల్టర్‌కి హైఫన్ పీ (ఉత్తరాన్ని హెడరుతో సహా తిరిగి ఇవ్వు)తో పాటు హైఫన్ ఈ కూడా ఇవ్వండి. అప్పుడు మంచిదైనా చెడ్డదైనా 0 తోనే ముగుస్తుంది, నిజమైన లోపానికే వేరే అంకె వస్తుంది.

ఆ నిజమైన లోపం వచ్చినప్పుడేం చేయాలో మీ ఫైల్లో బహుశా లేదు. వడపోత రెసిపీ వెనకాలే కోలన్, సున్నా, చిన్న ఈతో ఇంకో రెసిపీ పెట్టి, మీసాల బ్రాకెట్ల మధ్య రెండు మాటలు రాయండి: 'ఎగ్జిట్‌కోడ్=75', ఆ తర్వాత ఏ విలువా లేకుండా 'హోస్ట్'. రెండూ పెద్దక్షరాల్లో. చిన్న ఈ అంటే 'వెనకటి రెసిపీ విఫలమైతేనే' అని. ఖాళీ హోస్ట్ చూడగానే ప్రాక్‌మెయిల్ అక్కడితో ఆగుతుంది. 75 అంటే మెయిలు ప్రోగ్రాముల భాషలో 'ఇప్పుడు కుదరలేదు, మళ్ళీ ప్రయత్నించు'. పోస్ట్‌ఫిక్స్ మెయిలు సర్వరు దగ్గరైతే ఉత్తరం క్యూలో ఉండిపోతుంది, అక్కడ మామూలు గడువు 5 రోజులు. ఫెచ్‌మెయిల్ నేరుగా ప్రాక్‌మెయిల్‌ని పిలుస్తుంటే, సున్నా కాని కోడ్ చూసి సర్వర్లోది తుడవకుండా వదిలేస్తుంది. వడపోత చెడిన రోజున మెయిలు ఆలస్యం కావచ్చు, మాయం కాకూడదు. మిగతా సెట్టింగులన్నీ దీని తర్వాతే.

డిస్కు నిండిన రోజు సంగతికొస్తే, మధ్యలో మీ సొంత షెల్ స్క్రిప్టు ఏదైనా ఉందేమో చూడండి. పైపులో (ఒకదాని ఫలితాన్ని తర్వాతిదానికి అందించే వరుసలో) నాలుగు కమాండ్లుంటే షెల్‌కి కనిపించేది చివరిదాని ఎగ్జిట్ కోడే. మధ్యలోది డిస్కు నిండి చచ్చిపోయినా, చివరిది తన చేతికొచ్చిన ఖాళీ ఉత్తరాన్ని చక్కగా అందించి 0 అంటుంది. బాష్‌లో అయితే స్క్రిప్టు మొదట్లో 'సెట్ హైఫన్ ఓ పైప్‌ఫెయిల్' పెట్టండి.

అదే ఫైల్లో సరిచూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. మెయిల్‌డిర్ ఫోల్డరు పేరు చివర స్లాష్ ఉండాలి. స్లాష్ మరిచిపోతే, ఆ పేరుతో డైరెక్టరీ ఉన్నప్పుడు అందులో 'ఎంఎస్‌జీ.' అని మొదలయ్యే ఫైళ్ళు పుట్టుకొస్తాయి, మట్‌కి అవి కనబడవు. డైరెక్టరీ లేకపోతే ఏకంగా ఎంబాక్స్ ఫైలు తయారవుతుంది. పోయాయనుకున్న ఉత్తరాలు చాలాసార్లు ఇలాగే దొరుకుతాయి. ఎంబాక్స్‌లోకి వేసేవాళ్ళు మొదటి వరుస చివర రెండో కోలన్ పెట్టాలి, అదే తాళం. లాగ్‌లో 'సస్పీషియస్ ఆర్‌సీఫైల్' అని కనిపిస్తే ఫైలుకు మీరు కాక ఇతరులు రాయగల పర్మిషన్ ఉందన్నమాట, ప్రాక్‌మెయిల్ దాన్ని ముట్టుకోదు, 600కి (మీరు మాత్రమే చదవగల, రాయగల పర్మిషన్) మార్చండి.

కొత్త రూలును అసలు మెయిలు మీద పరీక్షించకండి. వేరే ఫైల్లో 'మెయిల్‌డిర్', 'డిఫాల్ట్' రెండూ ఒక పరీక్ష డైరెక్టరీకి చూపించి, 'వెర్బోస్=యెస్' పెట్టి, దాచిన ఉత్తరం ఒకదాన్ని ప్రాక్‌మెయిల్‌కి పంపండి. ఫైలు పేరు ముందు చుక్క, స్లాష్ మరవద్దు. అవి లేకపోతే ప్రాక్‌మెయిల్ హోం డైరెక్టరీలో వెతుకుతుంది.

ప్రశ్న: ఒక్కడి మెయిలుకి స్పామ్‌అసాసిన్ మంచిదా, బోగోఫిల్టరా?

జవాబు: దాచిపెట్టిన పాత మెయిలు, అందులో చెత్త కూడా, చేతిలో ఉంటే బోగోఫిల్టర్. సీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాము, 2002లో మొదలైంది. రూల్స్ ఏమీ ఉండవు, మీ ఉత్తరాల్లోని పదాలు ఏ వైపు ఎన్నిసార్లు వచ్చాయో లెక్క మాత్రమే. మామూలు సెట్టింగుల్లో ఉత్తరానికొచ్చే స్కోరు 0.99 దాటితే స్పామ్, 0.45 లోపు మంచిది, మధ్యలోది సందేహం. ఆ సందేహాలకు విడిగా ఒక ఫోల్డరు పెట్టుకుంటే రోజూ చూడాల్సింది అదొక్కటే.

నేర్పడానికి పాత మెయిలు లేనివాళ్ళకి స్పామ్‌అసాసిన్. రూల్స్‌తో వస్తుంది కాబట్టి మొదటి రోజు నుంచే పనిచేస్తుంది. రూలుకిన్ని పాయింట్లు, మొత్తం 5.0 చేరితే స్పామ్. ఇది బాగోలేదనేవాళ్ళలో చాలామందికి నాలుగు చోట్ల తేడా ఉంటుంది. ఒకటి, పదాలు నేర్చుకునే భాగం 200 స్పామ్, 200 మంచి ఉత్తరాలు చూపించేదాకా నోరు విప్పదు. యాభై చూపించి 'నేర్చుకోవడం లేదు' అంటే లాభం లేదు. 'ఎస్‌ఏ-లెర్న్ హైఫన్ హైఫన్ డంప్ మ్యాజిక్' కొడితే రెండు లెక్కలూ కనిపిస్తాయి. రెండు, హెడర్లో 'యూఆర్‌ఐబీఎల్_బ్లాక్డ్' అని ఉందేమో చూడండి. మీ మెషీన్ అందరూ వాడే పబ్లిక్ డీఎన్‌ఎస్‌ను (పేర్లకు చిరునామాలు వెతికిచ్చే సేవను) అడుగుతోందని, ఆ దారిన వచ్చే ప్రశ్నల సంఖ్య ఉచిత పరిమితి దాటిందని బ్లాక్‌లిస్టువాళ్ళు (స్పామ్‌తో ముడిపడ్డ చిరునామాల జాబితా నడిపేవాళ్ళు) జవాబివ్వడం మానేశారని దానర్థం. మీ మెషీన్లోనే, 127.0.0.1 మీద, అన్‌బౌండ్ అనే డీఎన్‌ఎస్ ప్రోగ్రాము నడపండి, అది మళ్ళీ పబ్లిక్ డీఎన్‌ఎస్‌కే ఫార్వర్డ్ చేయకుండా తానే వెతికేలా ఉంచండి. మూడు, మెయిలు ఇంకో సర్వరు నుంచి దించుకుంటున్నారు కాబట్టి ఆ సర్వరు చిరునామాలు 'ఇంటర్నల్_నెట్‌వర్క్స్'లో ఉండాలి. లేకపోతే బ్లాక్‌లిస్టు తనిఖీ ఉత్తరం పంపినవాణ్ణి వదిలేసి మీ సర్వరు మీద జరుగుతుంది. నాలుగు, ఉత్తరాన్ని స్పామ్‌అసాసిన్‌కి అందించే స్పామ్‌సీ మామూలుగా 500 కేబీ దాటిన ఉత్తరాన్ని పరీక్షించకుండానే వదిలేస్తుంది. అది లోపం కాదు, కానీ పెద్ద బొమ్మ తగిలించిన స్పామ్ దాటిపోయేది దీనివల్లే.

ఇంకొక మాట. సొంత చిరునామాను 'వైట్‌లిస్ట్_ఫ్రమ్'లో పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. స్పామర్లు మీ పేరుతోనే మీకు రాస్తారు. ఫ్రమ్ వరుసలో ఎవరైనా ఏదైనా రాయొచ్చు. సంతకాన్నీ, పంపిన సర్వరునీ చూసి నమ్మే 'వైట్‌లిస్ట్_ఆత్' వాడండి. 4.0 వెర్షన్ నుంచి వీటి పేర్లు 'వెల్‌కమ్‌లిస్ట్' అని మారాయి, పాత పేర్లూ నడుస్తాయి.

ప్రశ్న: బోగోఫిల్టర్ మొదటి మూడు నెలలు అద్భుతంగా పనిచేసింది. ఇప్పుడు బ్యాంకు ఉత్తరాలు కూడా చెత్తలో వేస్తోంది. రోజూ రాత్రి క్రాన్ (వేళకి పనులు నడిపే ప్రోగ్రాము) చెత్త ఫోల్డరు మొత్తాన్ని స్పామ్‌గా నేర్పుతుంది. శిక్షణ తగ్గిందా?

జవాబు: తగ్గలేదు, మితిమీరింది. స్పామ్‌అసాసిన్‌కి నేర్పే ఎస్‌ఏ-లెర్న్ తాను చూసిన ఉత్తరాలను గుర్తుపెట్టుకుంటుంది. అదే ఉత్తరాన్ని మళ్ళీ చూపిస్తే పట్టించుకోదు, మంచిదని చెప్పినదాన్ని చెత్త అంటే పాత లెక్క తానే తీసేసి కొత్తది వేస్తుంది. బోగోఫిల్టర్‌కి ఆ జ్ఞాపకం లేదు. హైఫన్ చిన్న ఎస్‌తో ఎన్నిసార్లు చూపిస్తే అన్నిసార్లు లెక్కేసుకుంటుంది. 30 రోజులు చెత్తలో పడున్న ఒక్క ఉత్తరం మీ క్రాన్ పుణ్యమా అని 30 ఉత్తరాలైంది. అందులో పొరపాటున పడ్డ బ్యాంకు ఉత్తరం కూడా.

దానికి తోడు హైఫన్ యూ. ఆ ఆప్షన్ ఉంటే తానిచ్చిన తీర్పునే తాను నేర్చుకుంటుంది. తీర్పు తప్పయితే ఆ తప్పునే ఇంకాస్త గట్టిగా నమ్ముతుంది. హైఫన్ యూ వాడొచ్చు, కానీ ప్రతి తప్పునూ వెంటనే దిద్దే ఓపిక ఉన్నవాళ్ళే వాడాలి.

దిద్దే పద్ధతి ఇది. హైఫన్ యూతో స్పామ్‌గా లెక్కకెక్కిన మంచి ఉత్తరానికి పెద్ద ఎస్, చిన్న ఎన్: స్పామ్ లెక్కలోంచి తీసెయ్, మంచిదాంట్లో వెయ్. మంచిదిగా లెక్కకెక్కిన స్పామ్‌కి పెద్ద ఎన్, చిన్న ఎస్. సందేహం ఫోల్డర్లోది ఎటూ లెక్కకెక్కి ఉండదు కాబట్టి దానికి చిన్న ఎస్ గానీ చిన్న ఎన్ గానీ ఒక్కటే చాలు. అక్కడ పెద్దక్షరం వాడితే ఎన్నడూ వేయని లెక్కను తీసేసినట్టవుతుంది.

ఆటోమేషన్‌కి రెండు చిన్న ఫోల్డర్లు పెట్టుకోండి, 'ఇది చెత్త' ఒకటి, 'ఇది మంచిది' ఒకటి. తప్పు కనిపించినప్పుడు మట్‌లో ఒక్క మీట నొక్కితే ఉత్తరం అందులోకి పోవాలి. స్క్రిప్టు గంటకోసారి ఆ ఫోల్డర్ల కర్ డైరెక్టరీ మాత్రమే చదివి, ఎక్స్-బోగోసిటీ హెడరును బట్టి తగిన ఆప్షన్‌తో నేర్పి, నేర్పిన ప్రతి ఫైలునూ అక్కణ్ణుంచి జరిపేయాలి. నేర్పడం సఫలమైతేనే జరపాలి. జరపకపోతే మళ్ళీ మొదటి కథే.

ఇప్పుడున్న డేటాబేసును బాగుచేయబోకండి. ~/.బోగోఫిల్టర్‌లోని వర్డ్‌లిస్ట్.డీబీని పక్కన పెట్టి, కళ్ళతో చూసి విడదీసిన స్పామ్ కొన్ని వందలు, మంచివి కొన్ని వందలు ఒక్కసారి మాత్రమే నేర్పండి. మెయిల్‌డిర్ అయితే హైఫన్ పెద్ద బీ, ఎంబాక్స్ అయితే హైఫన్ పెద్ద ఎం. తర్వాత 'బోగోయుటిల్ హైఫన్ డబ్ల్యూ', ఆ ఫైలు పేరు, '.ఎంఎస్‌జీ_కౌంట్' కొడితే రెండు వైపులా ఎన్ని ఉత్తరాలు లెక్కలో ఉన్నాయో తెలుస్తుంది. మీరు చూపించిన సంఖ్యకూ అక్కడి సంఖ్యకూ పొంతన లేకపోతే ఎక్కడో రెండుసార్లు నేర్పుతున్నట్టే.

ప్రశ్న: స్పామ్ పంపినవాళ్ళకి 'ఈ చిరునామా లేదు' అని ఆటోమేటిగ్గా తిప్పికొడితే మానేస్తారు కదా?

జవాబు: మానరు. ఆ ఫ్రమ్ చిరునామా వాళ్ళది కాదు, ఏ సంబంధం లేని మరొకరిది. మీ జవాబు ఆ అమాయకుడికి స్పామ్ అవుతుంది, మీ సర్వరు బ్లాక్‌లిస్టులోకి పోతుంది. వద్దనుకున్న ఉత్తరాన్ని లోపలికి తీసుకోకముందే, రెండు సర్వర్ల మధ్య జరిగే ఎస్‌ఎంటీపీ సంభాషణలోనే తిరస్కరించడం వేరు. అది మెయిలు సర్వరు చేసే పని, ప్రాక్‌మెయిల్ దాకా వచ్చాక ఆ అవకాశం దాటిపోయినట్టే.

ప్రశ్న: చేత్తో నడిపితే స్క్రిప్టు చక్కగా పనిచేస్తుంది. క్రాన్‌లో పెడితే ఏమీ జరగదు, ఒక్కోసారి సగంలో ఆగుతుంది.

జవాబు: క్రాన్‌కి మీ బాష్ సెట్టింగులు తెలియవు. పాత్ (ప్రోగ్రాములను వెతికే డైరెక్టరీల జాబితా) చాలావరకు /యూఎస్ఆర్/బిన్, /బిన్ ఈ రెండే. హోం డైరెక్టరీలోని బిన్‌లో పెట్టుకున్నవి దానికి కనబడవు. క్రాన్‌ట్యాబ్ పైన పాత్ రాయండి, లేదా ప్రతి ప్రోగ్రామునూ పూర్తి దారితో పిలవండి. క్రాన్‌ట్యాబ్ వరుసలో శాతం గుర్తు (%) ఉంటే అక్కడ వరుస తెగుతుంది. తేదీని ఫైలు పేరులో పెట్టేవాళ్ళందరూ ఒకసారి దీని దెబ్బ తిన్నవాళ్ళే. శాతం ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేదా ఆ పనంతా స్క్రిప్టులోకి మార్చేయాలి.

సగంలో ఆగడానికి మాకు తోచే కారణం ఇది. ఫెచ్‌మెయిల్ తర్వాత రెండు ఆంపర్‌శాండ్‌లు (&&) పెట్టి తర్వాతి పని తగిలించి ఉంటారు. కొత్త మెయిలు లేకపోతే ఫెచ్‌మెయిల్ 1 తో ముగుస్తుంది, దాంతో వెనకాలది నడవదు. స్పామ్‌అసాసిన్ రూల్స్ తెచ్చే ఎస్‌ఏ-అప్‌డేట్ కూడా అంతే: 0 అంటే కొత్త రూల్స్ వచ్చాయి, 1 అంటే కొత్తవేమీ లేవు, 4 ఆపైన అంటే నిజంగా లోపం. స్క్రిప్టులో 1 ని విడిగా చూడాలి.

పాస్‌వర్డ్‌ను జీపీజీ ఎన్‌క్రిప్షన్‌తో దాచి, పాస్ ప్రోగ్రాముతో తీసేవాళ్ళకి ఇంకో చిక్కు. జీపీజీ ఏజెంట్ మీ రహస్యవాక్యాన్ని వాడకుండా 600 సెకన్లు, ఎంత వాడినా 7200 సెకన్లు మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఆ తర్వాత అడగడానికి క్రాన్ దగ్గర తెర లేదు. గడువు పెంచుకోవచ్చు. లేదా మెయిలుకి మాత్రమే పనికొచ్చే యాప్ పాస్‌వర్డ్ తీసుకుని 600 పర్మిషన్‌తో విడి ఫైల్లో ఉంచొచ్చు. రహస్యవాక్యం లేని జీపీజీ తాళంచెవి పెట్టుకుని భద్రమని మురిసిపోవడం కంటే ఇదే నయం.

చివరగా, వెనకటి పరుగు ముగియకముందే కొత్తది మొదలైతే రెండూ ఒకే ఉత్తరాన్ని లాగుతాయి. లినక్స్‌లో 'ఎఫ్‌లాక్ హైఫన్ ఎన్', ఫ్రీబీఎస్‌డీలో 'లాక్‌ఎఫ్' ముందు పెట్టి పిలవండి.

ప్రశ్న: మూడు మెషీన్లు. మూడింట్లోనూ మట్, ఫెచ్‌మెయిల్, ప్రాక్‌మెయిల్ సెట్టింగులు ఒకేలా ఉండాలి. మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టాను గానీ కొత్త మెషీన్లో ఫెచ్‌మెయిల్ నడవనంది. పైగా ప్రతి కమిట్‌లోనూ ఏవో పనికిరాని ఫైళ్ళు వచ్చి చేరుతున్నాయి.

జవాబు: చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు దాగి ఉండటం ఎవరూ ఆలోచించి పెట్టిన పద్ధతి కాదు. డైరెక్టరీలోని చుక్క, రెండు చుక్కలు అనే రెండు ఎంట్రీలను చూపించకుండా ఉండటానికి ఫైళ్ళ జాబితా చూపే కమాండు, తొలిరోజుల ఎల్‌ఎస్‌లో మొదటి అక్షరం చుక్కేనా అని మాత్రం చూశారని, మిగతావి కూడా అలా దాగిపోయాయని బెల్ ల్యాబ్స్ యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ 2012లో రాశారు. ఆ పొరపాటును ఇప్పుడు మనం మూడు మెషీన్లలో సర్దుకుంటున్నాం.

ఫెచ్‌మెయిల్ ఎందుకు నడవనందంటే, గిట్ ఫైలు పర్మిషన్లలో 'నడపొచ్చా' అనే ఒక్క బిట్టునే దాచుకుంటుంది. మీరు పెట్టిన 600 క్లోన్ చేసిన చోట 644 అయిపోతుంది. ఆ ఫైలు మీకు తప్ప ఇంకెవరికైనా కనిపిస్తే ఫెచ్‌మెయిల్ మొరాయిస్తుంది, పాస్‌వర్డ్ ఉన్న ఫైలు అయితే మెయిలు పంపే ఎంఎస్‌ఎంటీపీ కూడా. రెపోలో (గిట్ చూసుకునే డైరెక్టరీలో) ఒక చిన్న ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఉంచి, మొదటి వరుసలో 'యూమాస్క్ 077', చివర ఈ ఫైళ్ళకు 'సీహెచ్‌మోడ్ 600' రాయండి. డాట్‌ఫైళ్ళను సర్దే షెమ్వా వాడితే ఫైలు పేరుకి ముందు 'ప్రైవేట్_' అని తగిలిస్తే ఆ పని అదే చూసుకుంటుంది.

పనికిరాని ఫైళ్ళ సంగతి చూస్తే మీరు రెపోలోని ఫైళ్ళకు హోంలో లింకులు వేసే జీఎన్‌యూ స్టో వాడుతున్నట్టుంది. స్టో ఒక డైరెక్టరీని హోంలో పెట్టబోయేముందు అక్కడ ఆ పేరుతో ఏదీ లేకపోతే, ఒక్కో ఫైలుకీ లింకు వేయకుండా డైరెక్టరీ మొత్తానికి ఒకే సిమ్‌లింక్ (అసలు చోటికి దారి చూపే లింకు) వేస్తుంది. పాత మెషీన్లో ~/.స్పామ్‌అసాసిన్ ముందే ఉంది, ఇబ్బంది రాలేదు. కొత్తదాంట్లో లేదు, కాబట్టి మొత్తం డైరెక్టరీ మీ రెపోలోకి చూపిస్తోంది. ఆపైన స్పామ్‌అసాసిన్ రాసే పదాల డేటాబేసు నేరుగా రెపోలో పడుతోంది. స్టోకి 'హైఫన్ హైఫన్ నో-ఫోల్డింగ్' ఇవ్వండి, లేదా ఆ డైరెక్టరీని ముందే ఖాళీగా తయారుచేయండి. ఏదైనా చేసేముందు 'స్టో హైఫన్ ఎన్ హైఫన్ వీ' కొడితే ఏం చేయబోతోందో చెప్పి ఊరుకుంటుంది. అసలు ఫైలు ముందే ఉంటే స్టో ఆగిపోతుంది. అప్పుడు 'అడాప్ట్' ఆప్షన్ జోలికి తొందరపడి వెళ్ళకండి, హోంలోని ఫైలు వచ్చి రెపోలోని ఫైలు స్థానంలో కూర్చుంటుంది. వెళ్తే కమిట్‌కి ముందు గిట్ డిఫ్ చూడండి.

కొన్ని ప్రోగ్రాములు సెట్టింగు మార్చినప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని పేరు దానికి పెడతాయి. దాంతో సిమ్‌లింక్ పోయి మామూలు ఫైలు మిగులుతుంది, రెపోకి మార్పు చేరదు. మార్చానన్న సెట్టింగు గిట్‌లో కనిపించకపోతే 'ఎల్‌ఎస్ హైఫన్ ఎల్' కొట్టి బాణం గుర్తు ఉందో లేదో చూడండి.

మెషీన్‌కీ మెషీన్‌కీ ఉండే తేడాల కోసం మూడు బ్రాంచిలు పెట్టుకోవడం మేము సలహా ఇవ్వం. ఆరు నెలల్లో మూడూ మూడు దారులవుతాయి. ఉమ్మడి ఫైలు ఒకటే ఉంచి, తేడాలను మెషీన్ పేరున్న చిన్న ఫైల్లోకి తీయండి. ప్రాక్‌మెయిల్‌లో 'ఇన్‌క్లూడ్‌ఆర్‌సీ'కి ఇచ్చే దారిలో డాలర్ హోస్ట్ వాడొచ్చు. మట్‌లో 'సోర్స్' వరుసలో బ్యాక్‌టిక్‌ల మధ్య హోస్ట్‌నేమ్ కమాండు పెట్టొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో 'ఇన్‌క్లూడ్' ఉంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.3 నుంచి.

బోగోఫిల్టర్ డేటాబేసు గిట్‌లో పెట్టకండి. అది సెట్టింగు కాదు, రోజూ మారే బైనరీ. బ్యాకప్ కావాలంటే 'బోగోయుటిల్ హైఫన్ డీ'తో టెక్స్టుగా దించి దాచండి, కొత్త మెషీన్లో 'హైఫన్ ఎల్'తో ఎక్కించండి. మూడు మెషీన్లలోనూ విడివిడిగా వడపోత నడపకుండా, ఒకదాంట్లోనే నడిపి మిగతా రెంటికీ ఫలితం ఐమ్యాప్ ద్వారా అందనివ్వండి.

ప్రశ్న: మెయిలు పాస్‌వర్డ్ పొరపాటున కమిట్ అయి, పబ్లిక్ రెపోకి వెళ్ళింది. తర్వాతి కమిట్‌లో తీసేశాను. చాలా?

జవాబు: చాలదు, పాత కమిట్‌లో అలాగే ఉంది. ముందు పాస్‌వర్డ్ మార్చండి, మిగతాది తర్వాత. గిట్-ఫిల్టర్-రెపోతో చరిత్రలోంచి తీసి ఫోర్స్ పుష్ చేయొచ్చు గానీ, అప్పటికే క్లోన్ చేసుకున్నవాళ్ళ దగ్గర ఉన్నది ఎవరూ తీయలేరు. ఇకముందు ఎంబీసింక్‌లో అయితే 'పాస్‌సీఎండీ', మట్‌లో అయితే బ్యాక్‌టిక్‌లు వాడి, రెపోలో పాస్‌వర్డ్ తెచ్చే కమాండు మాత్రమే ఉండేలా చూడండి.

ప్రశ్న: చెత్త ఫోల్డరు ఎప్పుడు ఖాళీ చేయాలి? క్రాన్‌కి అప్పగించొచ్చా?

జవాబు: 30 రోజులు ఉంచండి. మంచి ఉత్తరం పొరపాటున చెత్తలో పడితే, అవతలివాళ్ళు 'జవాబు రాలేదేం' అని అడగడానికి కనీసం అంత గడువుండాలి. ఫైండ్‌తో ఆ ఫోల్డరు కర్ డైరెక్టరీలో 'హైఫన్ టైప్ ఎఫ్, హైఫన్ ఎంటైమ్ +30' ఇవ్వండి. +30 అంటే 30 పూర్తి రోజులు దాటి 31వ రోజు కూడా నిండినవే వస్తాయి. ఎంబీసింక్ వాడేవాళ్ళు 'ఎక్స్‌పంజ్' సెట్టింగు ఒకసారి చూసుకోవాలి, ఇక్కడ తుడిచింది సర్వర్లోనూ పోవచ్చు. మొదటి వారం చివర్లో 'హైఫన్ ప్రింట్' పెట్టి ఏవి వస్తున్నాయో చదవండి, నమ్మకం కుదిరాకే దాని స్థానంలో 'హైఫన్ డిలీట్' పెట్టండి. అది ఎప్పుడూ వరుసలో ఆఖరునే ఉండాలి. ఫైండ్ షరతులను ఎడమ నుంచి కుడికి చూస్తుంది కాబట్టి డిలీట్‌ను ఎంటైమ్‌కి ముందు రాస్తే తేదీ చూడకముందే అన్నీ తుడిచేస్తుంది.